ముందు ఫాల్టు ఎటువైపో తేల్చు

చిరంజీవి హారికకు,

నీ ఉత్తరం అందింది. నెలకు ఇంకో 400 రూపాయలు కడితే ఇంటి ఫైబర్ ప్లానును 100 ఎంబీపీఎస్ నుంచి 300కి మారుస్తామని కంపెనీ వాళ్లు ఫోన్ చేశారని, మార్చాలో వద్దో తేల్చే పని మీ నాన్న నీకే అప్పజెప్పాడని రాశావు. మంచి పని చేశాడు. ఇంటి ఖర్చులో ఒక పద్దును నువ్వు సొంతంగా తేల్చడం ఇదే మొదలు. అందుకే మార్చు, వద్దు అని ఒక్క ముక్కలో చెప్పెయ్యకుండా, ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాను. నా అభిప్రాయం కూడా చెబుతాను, కానీ అది చివర్లో.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది నువ్వు ఫోనుతో కొలిచి రాసిన మూడు అంకెలు. హాల్లో 92. మేడ మీద అక్క గదిలో 18. వెనక వైపు నానమ్మగారి గదిలో 6. సగం జవాబు వీటిలోనే ఉంది. కంపెనీ ఇస్తానన్న 100 మీ హాలు దాకా దాదాపు పూర్తిగా వస్తోంది. అక్కణ్ణుంచి లోపలికి వెళ్లేసరికి తగ్గిపోతోంది. రేపు ప్లాను 300 చేశావనుకో. హాల్లో 92 కాస్తా 250 అవుతుందేమో గానీ, మేడ మీద 18 అలాగే ఉంటుంది, నానమ్మగారి 6 కూడా కదలదు. ఇప్పటికే బాగున్న గది కోసం నెలనెలా ఎక్కువ కట్టినట్టవుతుంది. ఇబ్బంది పడుతున్న ఇద్దరికీ ఏమీ ఒరగదు.

మేము టెలిఫోన్ శాఖలో రాగి తీగల మీద పనిచేసిన రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఫోను మూగబోయిందని ఫిర్యాదు వస్తే తిన్నగా వెళ్లి స్తంభం ఎక్కేవాళ్లం కాదు. ఎక్స్ఛేంజిలో ఒకసారి, వీధి చివరి పిల్లర్ దగ్గర ఒకసారి, డీపీ బాక్సు దగ్గర ఒకసారి, ఇంట్లో ఒకసారి పరీక్ష చేసేవాళ్లం. ఎక్కడి దాకా బాగుందో తెలిస్తే ఫాల్టు దాని తర్వాతే ఉన్నట్టు. తీగ రాగి నుంచి గాజుకు మారినా ఆ పద్ధతికి కాలం చెల్లలేదు. నువ్వు చెయ్యాల్సిందీ అదే.

ముందు ఆ ఎంబీపీఎస్ అంటే ఏమిటో సరిగ్గా పట్టుకో. అది సెకనుకు ఎన్ని మెగాబిట్లు వస్తాయో చెప్పే అంకె. ఫైళ్ల సైజు మాత్రం బైట్లలో ఉంటుంది, 8 బిట్లు ఒక బైటు. అంటే 100 ఎంబీపీఎస్ లైను పూర్తిగా పనిచేస్తే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు దిగుతాయి. కంప్యూటర్‌లో 12 కనిపించిందని తమ్ముడు గొడవ చేస్తున్నాడని రాశావు కదా, వాడికి రావలసిందే వస్తోందని చెప్పు.

ఇక మీ ఇంటికి ఎంత కావాలో కూడిక వేద్దాం. రద్దీగా ఉండే శనివారం రాత్రి ఎనిమిది గంటల సమయం తీసుకో. హాల్లో టీవీలో 4కే సినిమా నడుస్తుంటే 15 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. మామూలు ఫుల్ హెచ్‌డీకి 5. మీ నాన్న ఫోనులో ఏదో చూస్తున్నాడు, 5 వేసుకో. అక్కకి ఆఫీసు మీటింగు, 4. అమ్మ పాట క్లాసు, 4. నానమ్మగారు అమెరికాలో ఉన్న బాబాయితో వీడియోలో మాట్లాడుతున్నారు, 3. తమ్ముడి ఆట, ఆడుతున్నంతసేపూ 1 కూడా పట్టదు. గేటు దగ్గరా పెరట్లోనూ ఉన్న రెండు కెమెరాలకు చెరో 2. మొత్తం 36. ఫోనుల్లో తెలియకుండా నడిచేవన్నీ కలిపి 50 అనుకుందాం. ఇంటిల్లిపాదీ ఒకేసారి వాడినా 100లో సగం. ఈ దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2004లో పెట్టిన కనీస వేగం 256 కేబీపీఎస్. 2023 జనవరిలో దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. ఆ కనీసం ఎవరికీ సరిపోదు, నిజమే. కానీ 100 అంటే చిన్నదేమీ కాదని నీకు తెలియాలి.

ఆ వేగం మీ ఇంటికి వచ్చే దారి గురించి కాస్త చెబుతాను, నీకు చదువులోనూ పనికొస్తుంది. కంపెనీ గదిలో ఉన్న పెట్టె నుంచి బయల్దేరిన ఒకే గాజు పోగును వీధిలో స్ప్లిటర్ అనే చిన్న డబ్బా 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. మన ఊళ్లలో ఎక్కువగా ఉన్నది జీపాన్ పద్ధతి. అందులో ఆ పోగు మీద కిందికి దాదాపు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. ఇళ్లన్నీ కలిసి వాడుకునేది అదే. నువ్వు 100 నుంచి 300కి మారితే ఎవరూ వచ్చి కొత్త తీగ లాగరు. కంపెనీ కంప్యూటర్‌లో నీ పేరు పక్కన ఉన్న అంకె మారుతుంది, అంతే. అందుకే తొందరపడొద్దంటున్నాను. ఈ నెల కాకపోతే వచ్చే నెల, ఎప్పుడు కావాలన్నా నిమిషాల్లో అయ్యే పని ఇది.

ఆ అంకె మార్చినా బాగుపడనివి రెండున్నాయి. ఒకటి, రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య వీధంతా వాడుతున్నప్పుడు కంపెనీ తనను ఇంటర్నెట్‌కు కలిపే పైలైను సరిపడా కొనకపోతే, ఎంత పెద్ద ప్లాను వేసినా ఆ రెండు గంటలూ ఈడుస్తూనే ఉంటుంది. రెండోది, తీగలో వెలుగు నీరసించడం. కంపెనీ అబ్బాయి వచ్చినప్పుడు ‘పవర్ ఎంత వస్తోంది’ అని అడుగు. మీటరు పెట్టి మైనస్ 20 అనో 22 అనో చెబుతాడు. మైనస్ 27 దగ్గరికి వెళ్లిందంటే లైను తెగుతూ కలుస్తూ ఉంటుంది. పోగు ఎక్కడో మడత పడిందనో, అతుకు చెడిందనో, పచ్చ మూతి కనెక్టరులో దుమ్ము చేరిందనో అర్థం. అది వాళ్లు ఉచితంగా బాగుచెయ్యాల్సిన పని. ఆ కనెక్టరు ఊడదీసి లోపలికి మాత్రం ఎప్పుడూ చూడకు. అందులో వచ్చే వెలుగు కంటికి కనిపించదు, కంటికి మంచిదీ కాదు.

అందుకని ఇంకో రెండు కొలతలు నీ నుంచి కావాలి. అక్క ల్యాప్‌టాప్‌ని వైరుతో నేరుగా మీ ఇంట్లోని రౌటరు పెట్టెకి తగిలించి, మిగతా ఫోనులన్నీ వైఫై ఆపి, పొద్దున్న ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి వేగం చూడు. ఒక్క రోజుతో సరిపెట్టకు, వారం చూడు. మామూలు స్పీడ్ టెస్టులు చాలాసార్లు కంపెనీకి దగ్గర్లోని సర్వరుతోనే కొలుస్తాయి కనుక, ఫాస్ట్ డాట్ కామ్‌తోనూ చూడు, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచి కొలుస్తుంది. రెండు పూటలా 90 పైన ఉంటే కంపెనీ వైపు తప్పు లేదు. పొద్దున్న 90 ఉండి రాత్రి 20కి పడిపోతుంటే, పెద్ద ప్లాను కన్నా వేరే కంపెనీ గురించి ఆలోచించాలి. ఆ కంపెనీ మీ వీధిలో రాత్రి పూట ఎలా ఉందో పక్కింటి వాళ్లనడిగి మరీ మారాలి.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. ఎక్కువ ఇళ్లలో అసలు కథ ఇక్కడే. మీ పెట్టె హాల్లో టీవీ వెనక, షోకేసులో, కింది అరలో ఉంది. ఎందుకంటే తీగ కిటికీ లోంచి అక్కడికి వచ్చింది, లాగినవాడు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. వైఫై రెండు పట్టీల మీద నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ వేగంగా ఉంటుంది, కానీ గోడ అడ్డమొస్తే చప్పున నీరసిస్తుంది. 2.4 గోడలు దాటి దూరం పోతుంది, కానీ నెమ్మది. పైగా వీధిలో అందరి రౌటర్లూ దానిమీదే ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు మూడే, 1, 6, 11. మీ ఇల్లు మీ తాతగారి కాలంలో తొమ్మిదంగుళాల ఇటుక గోడలతో కట్టింది. పైన కాంక్రీటు శ్లాబు, అందులో ఇనుము. నానమ్మగారి గదికీ హాలుకీ మధ్య గోడకు ఆనించి రెండు ఇనప బీరువాలు. ఆ గది దాకా 6 చేరుతోందంటే అదే ఎక్కువ.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఒక చానల్ మీద ఒక క్షణంలో ఒకరే మాట్లాడగలరు. దూరంగా ఉండి నీరసంగా అందుకునే ఫోను అదే డేటాకు ఎక్కువ సమయం తీసుకుంటుంది, అంతసేపూ మిగతావాళ్లు ఆగుతారు. అంటే నానమ్మగారి గదిలో సిగ్నలు బాగుచేస్తే ఆవిడ ఒక్కరికే కాదు, ఇంట్లో అందరికీ మేలు.

ముందు ఖర్చు లేని పని చెయ్యి. పెట్టెని టీవీ వెనక నుంచి తీసి, షోకేసు పైన, మెట్ల వైపు అడ్డు లేకుండా పెట్టి మళ్లీ కొలువు. తీగ చాలకపోతే కంపెనీ అబ్బాయినే జరిపించమను. నువ్వు లాగొద్దు, గాజు పోగు మడత పడితే పాడవుతుంది. దాంతో మేడ మీద 18 కాస్తా 40 అయితే సగం సమస్య తీరినట్టే. కాకపోతే హాలు నుంచి మేడ మీదికి ఒకటి, వెనక గదికి ఒకటి క్యాట్ 6 వైరు లాగించి, చివర యాక్సెస్ పాయింట్లు పెట్టించు. గోడ ప్లగ్గులో పెట్టే రిపీటర్లు కొనొద్దు. ఒకే రేడియోతో విని, మళ్లీ దానితోనే చెప్పేవి వేగాన్ని దాదాపు సగం చేస్తాయి. వైర్లు లేని మెష్ సెట్లు ఫ్లాట్లలో బాగుంటాయి గానీ మీ శ్లాబు ముందు తేలిపోతాయి. నా అనుభవంలో వైరుకు సాటి వచ్చింది ఏదీ లేదు.

అమ్మ పాట క్లాసు గురించి విడిగా రాయాలి. నీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్నది అదే. శనివారం రాత్రి ఏడున్నరకి, అంటే ఎండాకాలంలో డాలస్‌లో ఉదయం తొమ్మిదికి, అక్కడి మన పిల్లలకు సరళీస్వరాలు చెబుతుంటే తాళం కలవడం లేదని, తంబురా శ్రుతి వాళ్లకు వినపడడం లేదని, ప్లాను పెంచితే సరిపోతుందేమోనని అమ్మ అనుకుంటోందని రాశావు. ఆ రెండూ ప్లానుతో పోయేవి కావు. కారణాలు వేరే ఉన్నాయి, అమ్మకి నెమ్మదిగా వివరించు.

గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన దగ్గర నుంచి డాలస్ తిన్నగా కొలిచినా పద్నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. పోయి రావడానికి వెలుగుకే 140 మిల్లీసెకన్లు కావాలి. సముద్రం కింది కేబుళ్లు చుట్టు తిరిగి వెళతాయి, దారిలో యంత్రాలుంటాయి, వీడియోను కుదించి విప్పడానికి సమయం పడుతుంది. అన్నీ కలిపితే 200 మిల్లీసెకన్లు దాటిపోతుంది. అమ్మ తాళం వేస్తూ పాడితే అక్కడి పిల్ల విని కలిపి పాడిన స్వరం అమ్మకు ఆ ఆలస్యంతోనే చేరుతుంది. 100 అయినా 1000 అయినా ఇది తగ్గదు. అందుకని కలిసి పాడించడం మానేసి, అమ్మ ఒక ఆవర్తనం పాడి ఆగాలి, పిల్ల దాన్ని తన తాళంతో తిరిగి పాడాలి. సంతలా చెప్పడం మన సంగీతానికి కొత్త కాదు కదా, ఆ పద్ధతి ఈ దూరానికి చక్కగా అమరుతుంది.

ఇక తంబురా. వీడియో యాప్‌లన్నీ వెనక వినిపించే ఆగని చప్పుడును ఫ్యాను మోత అనుకుని తీసేస్తాయి. తంబురా నాదం వాటి లెక్కలో ఫ్యాను మోతే. జూమ్‌లో ఆడియో సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అని ఒకటుంది, అది ఆన్ చెయ్యి. అప్పుడు ప్రతిధ్వని రాకుండా అమ్మ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండాలి. ఫోను వదిలి ల్యాప్‌టాప్, వీలైతే వైరు మీద. ఈ మార్పులు చేస్తే పిల్లలకు శ్రుతి వినపడుతుంది. డబ్బు పెట్టకుండానే అమ్మ క్లాసు సగం బాగుపడుతుందని నా నమ్మకం.

మిగతా సగం తమ్ముడి చేతిలో ఉంది. వాడు ఆట ఆడితే నష్టం లేదు, ఆటను దించుకుంటున్నప్పుడే చిక్కు. 50 జీబీ ఆట 100 మీద గంట దాటి పడుతుంది, 300 మీద ఇరవై రెండు నిమిషాలు. కానీ డౌన్‌లోడు ఎంత వేగముంటే అంతా మింగేస్తుంది. రైల్వే గేటు దగ్గర లారీలు బారులు తీరితే వెనకున్న సైకిలు కూడా ఆగాల్సిందే, అమ్మ గొంతు ఆ సైకిలు. ప్లాను పెంచితే ఆ నిలుపు తక్కువసేపు ఉంటుంది గానీ పోదు. పింగ్ ఎంతుందో ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, డౌన్‌లోడు నడుస్తుండగా ఒకసారి చూడు. 10 ఉన్నది 200, 300 అయితే చిక్కు ఇదే. వాడి డౌన్‌లోడరులో 50 దగ్గర పరిమితి పెట్టించు, లేదా పెద్దవన్నీ రాత్రి పదకొండు తర్వాత పెట్టుకోమను. ఫోటోలు గూగుల్‌లోకి ఎక్కించే ఫోనులు కూడా పైకి వెళ్లే దారిని ఇలాగే నింపుతాయి, అవీ రాత్రికే.

పైకి వెళ్లే దారి అన్నాను కాబట్టి, కంపెనీ వాళ్లను మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు అప్‌లోడ్ ఎంత అని అడుగు. కొన్ని ప్లాన్లలో రెండు వైపులా ఒకటే, కొన్నిట్లో పైకి బాగా తక్కువ. పాఠం చెప్పేవాళ్లకీ ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకీ కెమెరాలకీ కావలసింది అదే.

డబ్బు లెక్క తొందరగా అయిపోతుంది. 400 అన్నారు గానీ దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే 472. ఏడాదికి 5,664. ఓటీటీలు ఉచితమంటారు. వాటిలో మీరు ఇప్పటికే ఫోను రీచార్జితో పొందుతున్నవి ఎన్నో చూసి అవి కొట్టెయ్యి. అన్‌లిమిటెడ్ అన్నచోట కూడా చాలాసార్లు గీత ఉంటుంది. నెలకు 3,300 జీబీ దాటితే వేగం తగ్గిస్తామని రాసిన ప్లాన్లున్నాయి. అది రోజుకు 110 జీబీ, 4కే టీవీ పదహారు గంటలు నడిపితే గానీ దాటదు, దాని గురించి బెంగ వద్దు. ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి కట్టమంటే మాత్రం ఒప్పుకోకు. మధ్యలో వెనక్కి రావడం కుదరకపోవచ్చు.

300 ఎప్పుడు న్యాయమో కూడా చెప్పాలి. అక్క రోజూ పెద్ద పెద్ద ఫైళ్లు ఆఫీసుకు పంపుతూ దించుతూ గంటలు పోగొట్టుకుంటుంటే న్యాయం. ఇప్పటి ప్లానులో అప్‌లోడ్ 20, 30 దగ్గర ఆగిపోయి, పెద్దదాంట్లో రెండు వైపులా సమానంగా ఇస్తుంటే అప్పుడూ న్యాయమే, ఆ ఒక్క కారణం చాలు. ఇంట్లో వైర్లు, యాక్సెస్ పాయింట్లు అన్నీ అమిరాక కూడా రాత్రి పూట 100 నిండిపోతోందని కొలతల్లో తేలితే సంకోచించకుండా మార్చు. మారాక ఏ గదిలో చూసినా 94 దగ్గరే ఆగిపోయిందనుకో, పాత పెట్టె సాకెట్టు 100 కన్నా ఎక్కువ పంపలేనిదైనా అయ్యుండాలి, వైరులో ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి తెగి అయినా ఉండాలి. చాలా టీవీల సాకెట్టు ఇప్పటికీ 100 దే. అందుకే గిగాబిట్ సాకెట్టు ఉన్న పెట్టె ఇస్తారా అని ముందే అడుగు.

నా అభిప్రాయం అడిగావు. ఈ ఏడాది ప్లాను 100 దగ్గరే ఉంచు. పెంచితే కట్టాల్సిన ఆ 5,664లో వైర్లు, రెండు యాక్సెస్ పాయింట్లు, లాగినవాడి కూలి తెమిలిపోతాయనే అనుకుంటున్నాను, కాస్త అటూఇటూ అయినా ఒక్కసారి పెట్టే ఖర్చు అది. రెండిట్లో ముందు నానమ్మగారి గదికే పెట్టించు. బాబాయి ముఖం మధ్యలో ఆగిపోతున్నా ఆవిడ నోరు తెరిచి అడగరు, ఫోను పాతదైపోయిందనుకుని ఊరుకుంటారు. అక్క ఆఫీసు వాళ్లకు చెప్పుకోగలదు, తమ్ముడు అరిచి సాధించుకోగలడు.

వైరు కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగిదే అడుగు. అల్యూమినియం మీద రాగి పూత పూసింది చవగ్గా అంటగడతారు. కరెంటు తీగలున్న పైపులో కాకుండా వేరే పైపులో వేయించు. మెట్ల పక్క నుంచి అక్క గది దాకా ఒకటి, వంటింటి గోడ వెంట నానమ్మగారి గది దాకా ఒకటి టేపుతో కొలిచి, మలుపులకు రెండేసి మీటర్లు కలుపుకో. ఆ పొడవులూ, వారం రోజుల రాత్రి తొమ్మిది గంటల కొలతలూ నాకు పంపు. దసరాకి వచ్చినప్పుడు క్రింపింగ్ పనిముట్టు తెస్తాను. కనెక్టర్లు బిగించడం నేర్పుతాను, ఎనిమిది తీగల రంగుల వరస ఈలోగా చూసి ఉంచుకో.

ఆశీస్సులతో,
మామయ్య